కాళ్ళ సత్తువ ఒక్కటే చాలదు

ఒకప్పుడు మన ఊళ్ళలో సైకిలు అనగానే పోస్టుమాను, పాలవాడు, బడిపంతులు గుర్తుకు వచ్చేవారు. ఇప్పుడు ఆ సైకిలుకు గేర్లు వచ్చాయి, లావాటి టైర్లు వచ్చాయి. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న యువతీయువకులు దాన్ని రైల్లోనో విమానంలోనో వేసుకుని హిమాలయాలకు బయల్దేరుతున్నారు. మనాలి నుంచి లేహ్ వరకు కొండదారిన తొక్కి, అక్కడి నుంచి ఖర్దుంగ్ లా ఎక్కి రావడం వారిలో చాలామందికి పెద్ద కోరిక. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ. ఈ కనుమ ఎత్తు 17,582 అడుగులు. చాలాకాలం అక్కడి బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉండేది గాని, తరువాతి కొలతల్లో అంత లేదని తేలింది. కొలత తగ్గినంత మాత్రాన ఎక్కేవారి కష్టమేమీ తగ్గలేదు.

ఈ యాత్ర మాట వచ్చినప్పుడు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "మావాడు రోజూ నలభై కిలోమీటర్లు తొక్కుతాడండీ. సిగరెట్టు ముట్టడు. జలుబు కూడా చేయదు. వాడికేమవుతుంది, డాక్టరుగారూ?"

వాడికే ఎక్కువ జాగ్రత్త చెప్పాలంటాను. బలహీనుడు మెల్లగా ఎక్కుతాడు, మధ్యలో ఆగుతాడు. బలవంతుడు మూడు రోజుల దారి ఒక్కరోజులో ఎక్కేస్తాడు. కొండజబ్బు కండబలాన్ని చూసి భయపడదు. అది చూసేదల్లా ఎంత ఎత్తుకు, ఎంత తొందరగా వెళ్ళారన్నదే. కాబట్టి ఈ యాత్రకు తయారీ రెండు రకాలు. కాళ్ళను, గుండెను ఇంటి దగ్గర తయారు చేసుకోవచ్చు. ఎత్తుకు అలవాటుపడటం మాత్రం అక్కడికి వెళ్ళిన తరువాతే, రోజులు ఖర్చుపెట్టి చేయవలసిన పని. మొదటిది శ్రద్ధగా చేసి రెండోదాన్ని మరిచిపోయేవారే ప్రమాదంలో పడుతున్నారు.

అక్కడి గాలి సంగతి

కొండమీద గాలిలో ప్రాణవాయువు ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. విశాఖ బీచిలోనైనా, ఖర్దుంగ్ లా మీదైనా గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి 21 వంతులే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. లేహ్ పట్నంలో, అంటే సుమారు 11,500 అడుగుల ఎత్తులో, అది ఇంచుమించు 500. ఖర్దుంగ్ లా మీద దాదాపు 400. ఒత్తిడి తగ్గితే గాలి పలచబడుతుంది. అంటే అక్కడ గుండెనిండా ఒకసారి గాలి పీల్చుకుంటే, ఇక్కడ అందే ప్రాణవాయువులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే అందుతుందన్నమాట.

దీనికి శరీరం ఊరుకోదు. మొదటి గంట నుంచే ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి వేగం వల్ల రక్తంలో ఆమ్ల, క్షారాల తూకం మారుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు అదనపు క్షారాన్ని బయటికి పంపుతాయి. కొత్తగా కొండెక్కినవారికి మూత్రం ఎక్కువగా రావడానికి ఒక కారణం ఇదే. అది మంచి సూచనే, భయపడనక్కరలేదు. ఈ సర్దుబాటుకు కొన్ని రోజులు పడుతుంది. కొత్త ఎర్ర రక్తకణాలు తగినన్ని తయారు కావాలంటే వారాలే పడుతుంది. ఈ పనులు వేటినీ తొందరపెట్టడం మన చేతిలో లేదు.

మన ప్రాంతంలో కొండలెక్కి అలవాటు చేసుకోవచ్చు గదా అని కొందరు అడుగుతారు. కొండజబ్బు సాధారణంగా 8,000 అడుగులు దాటాక మొదలవుతుంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కూడా 6,000 అడుగులు దాటదు. అరకు వెళ్ళినా, హార్స్‌లీ హిల్స్ ఎక్కినా కాళ్ళకు మంచి సాధన దొరుకుతుంది గాని పలచని గాలి దొరకదు.

సైనికులు నేర్పిన పాఠం

1962 యుద్ధకాలంలో మైదానాల్లో ఉన్న మన సైనికులను హడావుడిగా లద్దాఖ్ వంటి ఎత్తయిన ప్రదేశాలకు తరలించవలసి వచ్చింది. అందరూ ఎంపిక చేసిన యువకులు, కసరత్తు చేసిన శరీరాలు. అయినా వారిలో ఎందరో తలనొప్పితో, వాంతులతో, ఆయాసంతో పడిపోయారు. కొందరి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అంతకుముందు ఇలాంటి రోగులను చూసినప్పుడు న్యుమోనియా అని పొరబడటం మామూలుగా ఉండేది. అది న్యుమోనియా కాదని, ఎత్తువల్లే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదని 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ రాశాడు. మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 11,000 నుంచి 18,000 అడుగుల ఎత్తులో జబ్బుపడిన 1,925 మంది సైనికుల వివరాలను 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. ఈ జబ్బు గురించి ప్రపంచంలోని వైద్యులు ఈనాటికీ చెప్పుకునే ముఖ్యమైన పరిశోధనల్లో అది ఒకటి.

సైనికుడికే రాగా లేనిది, సెలవుపెట్టి వెళ్ళిన కంప్యూటరు ఇంజనీరుకు రాదనుకోవడం ఎలా?

ముందుగా వైద్య పరీక్ష

యాత్రకు నాలుగైదు నెలల ముందే ఒకసారి మీ డాక్టరుకు చూపించుకోండి. రక్తపోటు, చక్కెర, రక్తంలో హిమోగ్లోబిన్ చూడాలి. వయసు 35 దాటినవారు, కుటుంబంలో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చినవారు ఉన్నవారు, చాలాకాలంగా వ్యాయామం లేనివారు గుండె పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది.

మన ఆడపిల్లల్లో రక్తహీనత చాలా సామాన్యం. ప్రాణవాయువును మోసేదే హిమోగ్లోబిన్. గాలి పలచబడిన చోట దాన్ని మోసే బండ్లు కూడా తక్కువైతే ఏమవుతుందో ఊహించుకోండి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఐరన్ బిళ్ళలు వాడినా రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే నాలుగు నెలల ముందు పరీక్ష అంటున్నాను. తోటకూర, గోంగూర, రాగులు, నువ్వులు, పప్పులు తినండి. ఆ భోజనంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే కాఫీ, టీలు తాగకండి, ఇనుము ఒంటపట్టదు. మాంసాహారులు వేటమాంసం, కాలేయం తినవచ్చు.

గుండెపోటు వచ్చి ఎంతోకాలం కానివారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారు, గర్భిణులు ఈ యాత్ర తలపెట్టకూడదు. సికిల్ సెల్ రక్తవ్యాధి ఉన్నవారు కూడా అంతే. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువ. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే ఉన్నవారికి కూడా ఎత్తయిన ప్రదేశాల్లో ప్లీహం దెబ్బతిని, ఎడమ డొక్కలో తీవ్రమైన నొప్పి వచ్చిన సందర్భాలున్నాయి. కుటుంబంలో ఎవరికైనా ఉంటే ముందే రక్తపరీక్ష చేయించుకోండి.

ఉబ్బసం అదుపులో ఉన్నవారు వెళ్ళవచ్చు. పీల్చేమందు మాత్రం జేబులో ఉండాలి, సామానుబండిలో కాదు. ఇన్సులిన్ తీసుకునే మధుమేహరోగులు డాక్టరుతో వివరంగా మాట్లాడాకే నిర్ణయించుకోవాలి. అక్కడి చలికి ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు.

నాలుగు నెలల సాధన

లేహ్ నుంచి ఖర్దుంగ్ లాకు దారి 40 కిలోమీటర్లు. ఆ 40 కిలోమీటర్లలో 6,000 అడుగులు ఎక్కాలి. మధ్యలో దిగుడు దాదాపు ఉండదు. ఐదారు గంటలు, కొందరికి అంతకంటే ఎక్కువసేపు, ఒకే తీరుగా తొక్కుతూనే ఉండాలి. అంటే ఇక్కడ కావలసింది వేగం కాదు, ఓర్పు.

మొదటి నెల వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్పావు గంట నుంచి గంట తొక్కండి. పక్కవారితో మాట్లాడగలిగినంత నిదానంగా తొక్కాలి. మాట తెగిపోతున్నదంటే వేగం ఎక్కువైందన్నమాట. రెండో నెలలో ఆదివారం ఒక్కరోజు మూడు గంటలకు పెంచండి. మూడో నెలలో ఆదివారం ఐదు గంటలు, వారం మధ్యలో ఒకరోజు ఎత్తు ఎక్కడం. నాలుగో నెలలో శని, ఆదివారాలు వరసగా రెండు రోజులూ ఎక్కువ దూరం తొక్కాలి. మొదటిరోజు అలసట తీరకుండానే రెండోరోజు తొక్కడం ఈ యాత్రకు అసలైన అభ్యాసం. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇవ్వండి. బయల్దేరే ముందు పదిరోజులు బాగా తగ్గించాలి.

హైదరాబాదువారికి వికారాబాదు దగ్గరి అనంతగిరి, విశాఖవారికి అరకు ఘాటురోడ్డు, చిత్తూరు, కడప వైపువారికి హార్స్‌లీ హిల్స్ మంచి సాధనస్థలాలు. దగ్గరలో కొండే లేనివారు తెల్లవారుజామున బండ్లు లేనప్పుడు ఊళ్ళోని వంతెనను పదిసార్లు ఎక్కి దిగవచ్చు. ఎదురుగాలిలో తొక్కడం కూడా కొండ ఎక్కినంత పనే.

మోకాళ్ళ సంగతి మరువవద్దు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప నొప్పి చేస్తుంది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. బరువైన గేరులో లేచి నిలబడి తొక్కడం చూడటానికి బాగుంటుంది గాని మోకాళ్ళకు మంచిది కాదు. తేలిక గేరులో ఎక్కువసార్లు తిప్పండి.

ఉదయం లేవగానే, మంచం దిగకముందే నాడి చూసుకుని ఒక పుస్తకంలో రాసుకోండి. మామూలుకన్నా ఎనిమిది, పది ఎక్కువ ఉంటే శరీరం అలసిందనో, ఏదో జ్వరం రాబోతున్నదనో అర్థం. ఆరోజు సైకిలు తీయకండి. జ్వరం ఉండగా వ్యాయామం ఎంతమాత్రం కూడదు. కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరానికే వాపు రావచ్చు. అప్పుడు శ్రమపడితే ప్రాణానికి ముప్పు.

రోజులు లెక్కపెట్టుకోవలసిన దారి

ఇప్పుడు రెండో తయారీ. దీన్ని ఇంట్లో కూర్చుని కాగితం మీద చేయాలి.

10,000 అడుగులు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటికంటే 1,600 అడుగులకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి కూడా ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్ళివచ్చినా, రాత్రి నిద్ర ఏ ఎత్తులో అన్నదే ముఖ్యం.

విమానంలో లేహ్ వెళ్ళేవారి సంగతి చూడండి. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నరలో 11,500 అడుగుల ఎత్తున దిగుతారు. శరీరానికి కబురే అందదు. అలాంటివారు మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. మొదటిరోజు బాగానే ఉందని సైకిలు బిగించుకుని ఊరంతా తిరగకూడదు. తలనొప్పి ఆ రాత్రో, మర్నాడో మొదలవుతుంది. మూడు, నాలుగు రోజుల్లో ఊరి చుట్టుపక్కల నెమ్మదిగా తొక్కి, ఐదో రోజో ఆరో రోజో సగం కనుమ ఎక్కి వెనక్కి రండి. తలనొప్పి లేకుండా నిద్రపడితే ఆ తరువాత ఒకరోజు విశ్రాంతి తీసుకుని పై వరకు వెళ్ళవచ్చు. పైన పది, పదిహేను నిమిషాలు ఉండి, ఫొటో తీసుకుని దిగిపోవాలి.

మనాలి నుంచి తొక్కుకుంటూ వచ్చేవారికి అలవాటుపడే వ్యవధి ఎక్కువ. కాని ఆ దారిలో ఒక చిక్కు ఉంది. మనాలి ఎత్తు సుమారు 6,700 అడుగులు. రోహ్తాంగ్ కనుమ దాటాక కేలాంగ్, జిస్పా వద్ద పదివేల అడుగుల పైచిలుకు. అక్కడి నుంచి చాలామంది బారాలాచా కనుమ దాటి ఒక్కరోజులో సర్చూ చేరుకోవాలనుకుంటారు. సర్చూ ఎత్తు దాదాపు 14,000 అడుగులు. ఒక్కరాత్రిలో మూడున్నర వేల అడుగుల తేడా! జీపుల్లో వెళ్ళేవారు కూడా సర్చూలో రాత్రంతా తలపట్టుకుని కూర్చునేది ఇందుకే. 2020లో అటల్ సొరంగం వచ్చాక మోటారు బండ్లు ఇంకా తొందరగా పైకి చేరుతున్నాయి. మీరు జిస్పాలో రెండు రాత్రులు, పట్సియో దగ్గర ఒకరాత్రి, జింగ్‌జింగ్‌బార్‌లో ఒకరాత్రి ఉండి అప్పుడు సర్చూ చేరండి.

సర్చూ దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. 21 మలుపుల గాటా లూప్స్ ఎక్కి, సుమారు 16,600 అడుగుల లాచుంగ్ లా దాటితే పాంగ్ వస్తుంది. అది 15,000 అడుగుల పైన ఉంది. పాంగ్‌లో జబ్బు చేస్తే కిందికి దింపాలి గదా? వెనక్కి వెళ్ళాలన్నా లాచుంగ్ లా ఎక్కాలి. ముందుకు వెళ్ళాలన్నా దాదాపు 17,500 అడుగుల తంగ్లాంగ్ లా ఎక్కాలి. రెండు గోడల మధ్య గదిలాంటి చోటు అది. అందుచేత తలనొప్పి, వాంతులు ఉన్నవారు సర్చూ దాటి ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. ఆ నిర్ణయం సర్చూలోనే జరగాలి. వెంట ఒక బండి ఉంటేనే ఈ దారిన వెళ్ళండి.

మొత్తం మీద మనాలి నుంచి లేహ్‌కు పన్నెండు రోజులైనా పెట్టుకోండి. జూను చివరి నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం.

గుర్తుపట్టవలసిన లక్షణాలు

కొత్త ఎత్తుకు చేరాక తలనొప్పితోపాటు ఆకలి లేకపోవడం, వికారం, నీరసం, కళ్ళు తిరగడం ఉంటే అది కొండజబ్బే. గ్యాసు అనీ, ఎండదెబ్బ అనీ, నిన్న తిన్న నూడుల్స్ పడలేదనీ సర్దిచెప్పుకోవద్దు. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోండి. తలనొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పూర్తిగా తగ్గేవరకు పైకి వెళ్ళవద్దు. ఎక్కువవుతుంటే దిగిపోవాలి.

ప్రమాదకరమైన రూపాలు రెండు. మొదటిది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది తరచు రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రిలోపు వస్తుంది. నిన్నటిదాకా అందరికంటే ముందు తొక్కినవాడు ఇవాళ వెనకబడతాడు. పొడిదగ్గు మొదలవుతుంది. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గదు. వెల్లకిలా పడుకోలేడు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. తరువాత గులాబీరంగు నురుగు పడుతుంది. నురుగు పడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

రెండోది మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఎవరితోనూ కలవక మూలకు చేరతాడు. అనుమానం వస్తే నేలమీద ఒక గీత గీసి, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ దానిమీద నడవమనండి. తూలితే మరో ప్రశ్న అడగనక్కరలేదు.

ఈ రెండింటికీ చికిత్స ఒక్కటే: వెంటనే కిందికి దింపడం. మూడువేల అడుగులు దిగితే చాలామందిలో మార్పు కనిపిస్తుంది. ప్రాణవాయువు, మందులు దొరికితే ఇవ్వాలి, కాని వాటికోసం దింపడం ఆపకూడదు. తెల్లవారాక చూద్దామనుకోకూడదు. రోగిని నడిపించవద్దు, బండిలో తీసుకుపోవాలి, ఒంటరిగా పంపకూడదు. లేహ్‌లో ప్రభుత్వానిదే సోనమ్ నర్బూ స్మారక ఆసుపత్రి ఉంది. అక్కడి వైద్యులకు ఈ జబ్బు కొత్తది కాదు.

ఇంకొక మాట. రాత్రి మీ పక్కన పడుకున్న స్నేహితుడు కాసేపు గబగబా ఊపిరి తీసి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆపి, మళ్ళీ గట్టిగా తీయవచ్చు. చూసేవారికి గుండె ఆగినంత పని అవుతుంది. ఆ ఎత్తులో నిద్రలో ఇది మామూలే. పగలు బాగానే ఉంటే భయపడనక్కరలేదు.

కరోనా రోజుల్లో కొన్న వేలి యంత్రం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. తీసుకువెళ్ళండి గాని అంకెలు చూసి బెంబేలెత్తవద్దు. కొత్తగా లేహ్ చేరిన ఆరోగ్యవంతుడికి కూడా 90కి అటూ ఇటూ చూపవచ్చు. చల్లబడిన వేలికి తప్పు అంకె చూపుతుంది. తోటివారందరికంటే ఒకరికి బాగా తక్కువగా ఉంటే జాగ్రత్తపడండి. అంకె బాగుంది గదా అని తలనొప్పిని మాత్రం లెక్కచేయకుండా ఉండవద్దు.

మందులు, చిట్కాలు

అసిటజోలమైడ్ అనే మందు అలవాటుపడటాన్ని కొంత తొందర చేస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం దీనివల్ల జరుగుతాయి. ఇంటి దగ్గరే రెండురోజులు వాడి చూసుకుంటే పడుతుందో లేదో తెలుస్తుంది. దీన్ని వేసుకున్నాం గదా అని తొందరగా ఎక్కవచ్చని మాత్రం అనుకోకండి. డెక్సామెథసోన్, నిఫెడిపిన్ వంటివి డాక్టరు రాసిస్తేనే, ఎప్పుడు వాడాలో తెలుసుకున్నాకే తీసుకువెళ్ళాలి.

కర్పూరం వాసన చూడటం, వెల్లుల్లి చారు తాగడం వల్ల కొండజబ్బు రాదన్నదానికి రుజువు లేదు. చారు వేడిగా తాగితే హాయిగా ఉంటుంది, అంతవరకే. కర్పూరం మింగడం విషం. చిన్న డబ్బాల్లో అమ్మే ప్రాణవాయువు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాని ధైర్యంతో పైకి వెళ్ళకూడదు. నిద్రపట్టలేదని నిద్రమాత్రలు వేసుకోవడం, చలికని మద్యం తాగడం రెండూ ఊపిరిని అణచివేస్తాయి. ఆ దారిలో రెండూ నిషిద్ధం.

తిండి, నీరు, చలి

ఎత్తుకు వెళ్ళినకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకొకసారి ఏదో ఒకటి నమలాలి. అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ అచ్చు మన ఇళ్ళలో దొరికే మంచి ఆహారాలు. రాత్రి అన్నం, పప్పు, బంగాళాదుంప వంటివి కడుపు నిండా తినండి. కొత్త తిండిని సాధనలోనే తిని చూసుకోవాలి. రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీరు కావాలి. మూత్రం లేత పసుపురంగులో ఉంటే చాలినట్టే. మంచిదని అదేపనిగా ఉత్తనీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. కొన్ని సీసాల్లో ఓ.ఆర్.ఎస్. కలుపుకోండి.

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఇంచుమించు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు గాలి. తడిసిన బనీనుతో కనుమ దిగితే పావుగంటలో వణుకు పుడుతుంది, వేళ్ళు బిగుసుకుపోయి బ్రేకు పట్టదు. పైన ఆగగానే పొడి బనీను వేసుకుని, గాలి చొరని కోటు, పూర్తి చేతితొడుగులు వేసుకోండి. ఐరోపా పందెగాళ్ళు కనుమ పైన చొక్కాలోపల దినపత్రిక మడిచి పెట్టుకుని దిగేవారు. ఖర్చులేని ఉపాయం, ఇప్పటికీ పనిచేస్తుంది. అక్కడి ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్రతి వెయ్యి మీటర్లకు ఇంచుమించు నూటికి పదివంతులు పెరుగుతాయి. నల్లకళ్ళద్దాలు లేకుండా మంచుమీది వెలుగు చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతాయి. హెల్మెట్ సంగతి చెప్పనక్కరలేదు.

ఇంట్లో పెద్దలకు

పిల్లలు ఈ యాత్ర మాట ఎత్తగానే వద్దని కేకలు వేయకండి. నాలుగు నెలల సాధన వారి గుండెకు, ఊపిరితిత్తులకు చేసే మేలు మరే మందూ చేయదు. అయితే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నవ రోజు ఎంత ఎత్తులో పడుకుంటావు? పక్కవాడికి జబ్బుచేస్తే వాడితో కిందికి దిగేది ఎవరు? తిరుగు టిక్కెట్టు ఏ రోజుకు తీశావు?

ఈ మూడో ప్రశ్న చిన్నదిగా తోస్తుంది గాని ఎన్నో ప్రమాదాలకు మూలం అక్కడే ఉంటుంది. సెలవు అయిపోతున్నది, విమానం ఎల్లుండి, గుంపు ముందుకు సాగుతున్నది, నా ఒక్కడివల్ల ఆగుతుందేమోనన్న మొహమాటంతోనే తలనొప్పి ఉన్నవాడు నోరు మూసుకుని పైకి తొక్కుతాడు. కాబట్టి టిక్కెట్టు తీసేటప్పుడే మూడు రోజులు ఎక్కువ పెట్టుకోమనండి. కనుమ ఎక్కకుండా తిరిగివచ్చినా ఇంట్లో ఎవరూ ఎగతాళి చేయరని, బయల్దేరే ముందే, నోరారా చెప్పి పంపండి.